ఒక్క నొక్కు

ముప్ఫై ఒక్కేళ్లుగా ఈ కోర్టులో
నా వేళ్లే చెవులు.
జడ్జి గొంతు సవరించుకుంటే రాయను,
సాక్షి ఏడిస్తే రాయను.
మాటైతేనే రాస్తాను.

"స్పష్టమైన, నమ్మకం కలిగించే సాక్ష్యం"
నా యంత్రం మీద ఇదంతా ఒక్క నొక్కు.
రోజూ దొర్లే మాట కదా,
ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనే కుదించి పెట్టుకున్నాను.
వేళ్లన్నీ ఒక్కసారి దిగితే చాలు,
కొండంత మాట కాగితం మీద పడుతుంది.

ఆర్డెలియాకి మాత్రం నాలుగు నొక్కులు.
ఆరేళ్ల పిల్ల. ఎవరూ కుదించని పేరు.

వెస్ట్ వర్జీనియాలో ఫిబ్రవరి, బుధవారం.
ట్వైలా రిగ్స్‌బీ బోనులో కూర్చుంది,
కిరాణా కొట్టు యూనిఫాం మీద ఎవరిదో కోటు,
చేతులు రెండంగుళాలు పొడుగు.
ఆమె లాయరుకి ఫైలు అందింది
ఆ పొద్దున్నే, వరండాలో.
ఆమె ఇంటిపేరు రెండుసార్లు తప్పు పలికాడు.
తప్పుగానే రాశాను.

కౌంటీ లాయరు లెక్క చదివాడు:
ఇరవైసార్లు బిడ్డని చూడనిస్తే ఆరుసార్లు రాలేదు.
ఒక రక్తపరీక్షకి రాలేదు.
ఇంట్లో హీటరు లేదు.
ఫ్రిజ్‌లో జామ్ సీసా, సగం ఉల్లిపాయ.
నలభై మైళ్లకి బస్సు వారానికి రెండేనన్నది
ఎవరూ అడగలేదు,
అందుకే నా కాగితంలోనూ లేదు.
ఆ బస్సులో నేనూ తిరిగాను ఒకప్పుడు.

జడ్జి పోలింగ్ కళ్లద్దాలు తీసి అన్నాడు:
"అప్పు కేసులో త్రాసు ఆవగింజంత మొగ్గితే చాలు.
ఇది అప్పు కేసు కాదు.
పొగ చూపించి నిప్పని నమ్మమంటే కుదరదు.
ప్రభుత్వం ఒక అమ్మని అమ్మ కాదనాలంటే
నిప్పే తెచ్చి నా బల్ల మీద పెట్టాలి.
ఎవరిల్లు వెచ్చనన్నది తర్వాత.
ముందు ఈమె తగదని రుజువు చెయ్యండి."
మంచి మాటలు.
ఒక్క తప్పూ లేకుండా ఎక్కాయి.

"పిల్ల నీకెందుకు కావాలి?"
కౌంటీ లాయరు అడగడమూ, రెండున్నర బండి రావడమూ ఒకటే.
నూట పది పెట్టెల బొగ్గు.
కిటికీలు వణుకుతాయి, మాట్లాడేవాళ్లు ఆగుతారు,
ఇక్కడి ఆచారం.
ఆగాలని ట్వైలాకి తెలీదు.
రైలు పొడవునా జవాబు చెప్పింది.
చెయ్యి ఒకసారి గాలిలో
చిన్న తలంత ఎత్తున ఆగి,
జడ పాయ తీస్తున్నట్టు కిందికి జారింది.

బండి పోయాక జడ్జి, మళ్లీ చెప్పమ్మా అన్నాడు.
ఆమె లాయరు గడియారం చూసుకున్నాడు.
"ఏం లేదండీ" అంది.
రెండు నొక్కులు.

మూడు వారాలకి తీర్పు.
బొడ్డుతాడు కోసిన రోజు
కత్తెర చప్పుడైనా వినిపించి ఉంటుంది.
ఈ కోతకి సంతకమే.
కింద అదే మాట,
స్పష్టమైన, నమ్మకం కలిగించే.

అప్పీలుకి రికార్డు కావాలన్నారు.
పైకోర్టు ముగ్గురూ ఆమెని చూడరు,
ఆ చెయ్యిని చూడరు.
వాళ్లకి నేను రాసిందే ట్వైలా.
రెండువందల పన్నెండో పేజీ దగ్గర ఆగిపోయాను:
"రైలు. జవాబు వినపడలేదు."

వినపడలేదా?
ఆ గదిలో ఆమెకి అందరికన్నా దగ్గర నేనే.
ఒక ముక్క చెవిన పడింది,
"...నిద్రలో నా చెవి పట్టుకుంటుంది..."
పడిందా, లేక ఆ చెయ్యి చూసి నేనల్లుకున్నానా?
ప్రమాణం చేసి చెప్పమంటే
సగానికి కాస్త ఎక్కువే నమ్మకం.
సగానికి కాస్త ఎక్కువ సరిపోదని
జడ్జి చెబుతుంటే రాసింది నేనే.

పేజీని అలాగే పంపాను.

ఆ రాత్రి యంత్రం తెరిచి
ఆ ఒక్క నొక్కుని చెరిపేశాను.
ఇప్పుడా మాట వచ్చినప్పుడల్లా
ముక్క ముక్కా కొడతాను,
పదకొండు నొక్కులు.
మణికట్టు లాగుతుంది.
లాయర్లు గబగబా దాటిపోబోతే
చెయ్యెత్తి ఆపుతాను:
ఆగండి, ఇంకా రాస్తున్నాను.